హత్య కేసు దర్యాప్తులో సమాచార విశ్లేషణ, నేరస్థుల ప్రొఫైలింగ్: తొలి గంట నుంచి ఛార్జిషీటు దాకా

కొత్తగా స్టేషన్‌లో చేరిన ఎస్సైలు, ఫోరెన్సిక్ సైన్సు చదువుతున్న విద్యార్థులు, నేర వార్తలు రాసే విలేకరులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. సినిమాల్లో చూపించినట్టు, నేరం జరిగిన తీరును బట్టి హంతకుడి మనస్తత్వాన్ని పసిగట్టి అతణ్ణి పట్టుకోవడం మన హైదరాబాద్‌లో సాధ్యమేనా? సాధ్యమే. అయితే అది చాలా కొద్ది కేసుల్లో మాత్రమే పనికొస్తుంది, అదైనా అంతకంటే ముందు చేయవలసిన పనులన్నీ చేసిన తరువాతే. ఆ ముందు పనుల గురించే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఉంటుంది.

ఈ రెండు పనులు ఒకటి కావు. సమాచార విశ్లేషణ అంటే ఫోన్ రికార్డు, సీసీ కెమెరా దృశ్యం, పక్కింటివారి మాట, పోస్టుమార్టం నివేదిక వంటి ప్రతి సంగతినీ దాని నమ్మకాన్ని బట్టి తూచి, కాలక్రమంలో పేర్చి, ఏ అనుమానం నిలుస్తుందో ఏది నిలవదో తేల్చడం. ప్రొఫైలింగ్ అంటే నేరం చేసిన వ్యక్తి ఎలాంటివాడై ఉండవచ్చో అంచనా వేయడం. మొదటిది ప్రతి కేసులోనూ కావాలి. రెండోది, స్టేషన్లలో ‘బ్లైండ్ కేసు’ అని పిలుచుకునే, ఏ కొసా చేతికి చిక్కని కేసుల్లోనే అక్కరకొస్తుంది.

ఎందుకింత కచ్చితంగా చెబుతున్నానంటే, జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. కారణాల్లో అన్నిటికంటే పైన ఉన్నది ‘వివాదాలు’, అవి 9,962. తరువాతది వ్యక్తిగత కక్ష, 3,761. డబ్బు, నగల కోసం జరిగినవి 1,884. వివాదం ఉండాలంటే పరిచయం ఉండాలి, కక్ష ఉండాలంటే పాత లెక్క ఏదో ఉండాలి. కాబట్టి మన దగ్గర హంతకుడి దారి చాలావరకు హతుడి ఇంటి గుమ్మం నుంచే మొదలవుతుంది.

చెప్పేది గాలిలో తేలకుండా ఉండడానికి పూర్తిగా కల్పితమైన ఒక కేసును చివరిదాకా వెంట తీసుకెళ్దాం. చిలకలగూడలో రెండంతస్తుల పాత ఇల్లు. కింద అద్దెకున్న కుటుంబం, పైన ఒంటరిగా ఉండే 64 ఏళ్ల రిటైర్డ్ టీచరమ్మ. మంగళవారం ఉదయం ఆరున్నరకు పనిమనిషి వచ్చేసరికి తలుపుకు బయటినుంచి గడియ పెట్టి ఉంది, పాల ప్యాకెట్ సంచి గేటుకు అలాగే వేలాడుతోంది, లోపల టీచరమ్మ వంటింట్లో చనిపోయి ఉంది. మెడలో గొలుసు లేదు, బీరువా తెరిచి ఉంది.

మొదటి మెట్టు: చట్టం చెప్పిన పనులు

ఇక్కడ ఎక్కువసేపు ఆగను, కానీ ఇది తప్పితే మిగిలిన మెట్లన్నీ వృథా. 2024 జులై 1 నుంచి హత్యకు శిక్ష భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షను కింద పడుతుంది. ఎఫ్‌ఐఆర్ భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షను కింద, శవ పంచనామా 194వ సెక్షను కింద జరుగుతాయి. సోదాలను, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా తయారీని 105వ సెక్షను ప్రకారం వీడియో తీయాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు స్వయంగా నేరస్థలానికి రావాలన్నది 176వ సెక్షనులోని మూడో ఉపవిభాగం ఉద్దేశం. మన దగ్గర క్లూస్ టీమ్ వచ్చేది ఈ పనికే.

విశ్లేషకుడి దృష్టితో చెప్పవలసింది ఒక్కటే. క్లూస్ టీమ్ వచ్చేలోపు లోపలికి ఎవరెవరు వెళ్లారు, ఏమేమి ముట్టుకున్నారు అన్నది సమయంతో సహా రాసి పెట్టాలి. పనిమనిషి కంగారులో ఫ్యాను ఆపి ఉంటుంది, కింది వాటావాళ్లు మంచినీళ్లు తాగించబోయి గ్లాసు కదిపి ఉంటారు. ఇది రాసుకోకపోతే పది రోజుల తరువాత ఆ గ్లాసు మీది వేలిముద్ర ఒక పెద్ద ఆధారంలా కనిపించి, దర్యాప్తును వారం రోజులు అటువైపు లాక్కెళుతుంది.

రెండో మెట్టు: పోయిన మనిషిని తెలుసుకోవడం

హతుల అధ్యయనం అన్న మాట పెద్దదిగా వినిపిస్తుంది గాని, చేయవలసింది ఒక మనిషి జీవితాన్ని ఓపికగా రాయడం. దినచర్య, సంపాదన, అప్పులు, ఆస్తి తగాదాలు, చుట్టరికాలు, చుట్టరికాల్లోని మౌనాలు, ఆరోగ్యం, ఫోనులో ఎక్కువసార్లు కనిపించే నంబర్లు, ఈమధ్య హఠాత్తుగా ఆగిపోయిన నంబర్లు, ఇవన్నీ అందులోకి వస్తాయి. ఆ తరువాత చివరి 48 గంటలను గంటగంటకూ విడదీసి రాయాలి. ఖాళీగా మిగిలిన గంటలే మన ప్రశ్నలు.

ఈ పని ఎంత దూరం తీసుకెళుతుందో చెప్పడానికి మన తెలుగువాళ్ల కేసే ఒకటుంది. న్యాయశాస్త్రం చదివిన ప్రతివారికీ పాకాల నారాయణస్వామి కేసుగా తెలుసు, 1939లో ప్రీవీ కౌన్సిల్ దాకా, అంటే బ్రిటిష్ కాలంలో అన్నిటికంటే పై కోర్టు దాకా వెళ్లింది. 1937 మార్చి 23న పూరీ స్టేషన్‌లో మూడో తరగతి రైలుపెట్టెలో ఎవరూ తీసుకెళ్లని ఒక ఇనుప ట్రంకుపెట్టె దొరికింది. అందులో ఏడు ముక్కలుగా నరికిన మగవాడి మృతదేహం ఉంది. అతను సుమారు నలభై ఏళ్లవాడు, పిఠాపురం దివాను దగ్గర ప్యూనుగా పనిచేసినవాడు. దివాను అల్లుడు, ఈ కేసులో నిందితుడైన నారాయణస్వామి, బరంపురంలో కాపురముండేవాడు. ఆ అల్లుడి భార్య 1936లో చిన్నచిన్న మొత్తాలుగా ఈ ప్యూను దగ్గర 18 శాతం వడ్డీకి మొత్తం మూడు వేల రూపాయలు అప్పు తీసుకుంది. మార్చి 20న ఆ ప్యూనుకు ఒక ఉత్తరం వచ్చింది. బాకీ తీరుస్తాం రమ్మన్నారని, బరంపురం వెళుతున్నానని భార్యకు చెప్పి, 21న రైలెక్కడానికి బయలుదేరాడు. ఇక తిరిగి రాలేదు. ట్రంకుపెట్టె మాత్రం బరంపురంలో నిందితుడి కోసం అతని ఇంటి చాకలి కొన్నదని తేలింది.

ఈ కేసులో మనస్తత్వ శాస్త్రం పాత్ర ఏమీ లేదు. అప్పు పత్రాలు, ఒక ఉత్తరం, రైలు వేళ, పెట్టె అమ్మిన దుకాణం కలిసి కేసును నిలబెట్టాయి. భర్త బయలుదేరుతూ భార్యతో చెప్పిన మాట మరణానికి దారితీసిన పరిస్థితుల్లో భాగమేనని, కాబట్టి సాక్ష్యంగా చెల్లుతుందని ప్రీవీ కౌన్సిల్ అంగీకరించింది. నేటి దర్యాప్తు అధికారికి ఇందులో పనికొచ్చే సంగతి ఏమిటంటే, పోయిన మనిషి ఇంట్లోవాళ్లతో చివరిగా ఏం చెప్పి వెళ్లాడన్నది మొదటి రోజే, వాళ్ల మాటల్లోనే నమోదు కావాలి. పదో రోజుకు ఆ మాటకు చుట్టాల ఊహలు అంటుకుంటాయి.

మన చిలకలగూడ టీచరమ్మ గురించి ఇలా వివరాలు రాస్తూ పోతే మొదటిరోజు సాయంత్రానికి ఒక సంగతి బయటపడింది. ఆమె కాలనీలో ఇరవై మందితో చిట్టీ నడిపేది. లెక్కలు ఒక పొడవాటి పుస్తకంలో రాసేది. పుస్తకం ఇంట్లోనే దొరికింది, కానీ చివర రాసిన కాగితం తరువాత ఒక కాగితం చింపి ఉంది. ఆమె మేనల్లుడు తార్నాకలో ఉంటాడు, చిట్టీ ముందుగానే పాడుకున్నాడు, నాలుగు నెలలుగా వాయిదా కట్టలేదు. కింది వాటావాళ్లతో అడ్వాన్సు విషయంలో గొడవ ఉంది. గత నెలలో రంగులు వేయడానికి వచ్చిన ఇద్దరు పనివాళ్లకు ఇంటి ఆనుపానులు తెలుసు. ఇంతకుమించి ఈ దశలో ఎవరి మీదా ఏమీ అనకూడదు.

మూడో మెట్టు: నేరస్థలాన్ని చదవడం

ఇక్కడ మూడు విషయాలను విడివిడిగా చూడడం అలవాటు చేసుకోవాలి. పని జరగడానికి హంతకుడు చేసినవి ఒకటి, దాన్ని నేర పద్ధతి అంటాం. అనుభవం పెరిగేకొద్దీ ఇది మారుతుంది. పని జరగడానికి అవసరం లేకపోయినా తన తృప్తి కోసం చేసినవి రెండోది, దాన్ని నిపుణులు ‘సంతకం’ అంటారు. ఇది చాలా అరుదు, ప్రతి అనవసర గాయాన్నీ సంతకమనుకోవడం కొత్తవారి పొరపాటు. మూడోది పోలీసులను పక్కదారి పట్టించడానికి చేసిన అమరిక. మన నగరంలో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టమనేది ఈ మూడో దాని మీదే, ఎందుకంటే అపరిచితుడికి అమరిక అవసరం ఉండదు, పారిపోతే చాలు. సీన్ మార్చే శ్రమ పడేవాడు తన మీదికి అనుమానం వస్తుందని ముందే తెలిసినవాడు.

టీచరమ్మ ఇంట్లో బీరువా పై అరల్లోని చీరలన్నీ కింద కుప్పగా పడి ఉన్నాయి. లోపలి లాకరు మాత్రం ముట్టుకోలేదు, దాని తాళంచెవి బీరువా తాళంతోపాటే అదే గుత్తిలో వేలాడుతోంది. చేతి గాజులు చేతికే ఉన్నాయి. దొంగతనానికి వచ్చినవాడు దీన్ని వదిలిపెట్టడు అని గట్టిగా చెప్పలేం, భయపడి పారిపోయి ఉండవచ్చు. అందుకే వంటింట్లోకి వెళ్లి సింకులో చూడాలి. రెండు స్టీలు గ్లాసులు, రెండింట్లోనూ అడుగున టీ. ఒకదాని అడుగున కరగని చక్కెర గడ్డకట్టి ఉంది. టీచరమ్మకు షుగరు జబ్బు, ఆమె టీలో చక్కెర వేసుకోదు. అతిథుల కోసం షోకేసులో పెట్టుకున్న పింగాణీ కప్పులు కదలలేదు. అంటే వచ్చిన మనిషి, స్టీలు గ్లాసులో టీ ఇచ్చేంత చనువున్నవాడు. వేలిముద్ర కంటే ముందు ఈ చక్కెర మనకు ఒక దారి చూపిస్తోంది. గ్లాసు అంచు మీద లాలాజలం ఉంటే డీఎన్‌ఏ కూడా దొరకవచ్చు, కాబట్టి గ్లాసులను కడగకుండా, ఒకదానికొకటి తగలకుండా, విడివిడిగా ప్యాక్ చేసి రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపాలి.

మరణ సమయం గురించి ఒక హెచ్చరిక. శరీరం బిగుసుకోవడానికి సుమారు పన్నెండు గంటలు, అలాగే ఉండడానికి పన్నెండు, సడలడానికి పన్నెండు అన్న లెక్క మనందరికీ కంఠస్థం. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండకు కాగిన డాబా గదిలో ఆ లెక్క చాలా తొందరగా నడుస్తుంది, ఏసీ గదిలో నెమ్మదిస్తుంది. కాబట్టి గది ఉష్ణోగ్రతను మొదటి గంటలోనే కొలిచి రాయాలి, డాక్టరు ఇచ్చిన సమయాన్ని ఒక గంటగా కాకుండా ఒక వ్యవధిగానే చార్టులోకి ఎక్కించాలి. మన కేసులో ఆ వ్యవధి రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు అనుకుందాం.

నాలుగో మెట్టు: వచ్చిన ప్రతి మాటకూ గ్రేడు

హత్య జరిగిన రెండో రోజుకు ఇరానీ హోటల్లోనూ, పాన్ డబ్బా దగ్గరా, కాలనీ వాట్సాప్ గ్రూపులోనూ హంతకుడి పేరు ఖాయమైపోతుంది. ఆ మాటలను తోసిపుచ్చకూడదు, అలాగని తూచకుండా తీసుకోకూడదు. సైనిక గూఢచార విభాగాల నుంచి వచ్చిన ఒక పాత పద్ధతిలో ప్రతి సమాచారానికీ రెండు గుర్తులు వేస్తారు. చెప్పిన మనిషి నమ్మకస్తుడా అన్నదానికి ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరం, చెప్పిన సంగతి ఇతర ఆధారాలతో కుదురుతోందా అన్నదానికి 1 నుంచి 6 వరకు అంకె. ఎ అంటే పూర్తిగా నమ్మదగినవాడు, ఎఫ్ అంటే అంచనా వేయలేనివాడు. 1 అంటే వేరే దారుల్లో ధ్రువపడినది, 6 అంటే నిజమో కాదో తేల్చలేనిది. ఈ రెండూ వేర్వేరుగా వేయడంలోనే కిటుకు ఉంది. మంచి ఇన్ఫార్మరు కూడా తప్పుడు కబురు తేవచ్చు, పాత రౌడీషీటరు కూడా నిజం చెప్పవచ్చు.

మరో నియమం. ఒకే మాటను ముగ్గురు చెప్పారంటే, ఆ ముగ్గురికీ అది ఎవరు చెప్పారని అడగాలి. మన కేసులో “మేనల్లుడు అప్పుల్లో ఉన్నాడు” అని కాలనీలో ఐదుగురు చెప్పారు. ఆరా తీస్తే ఐదుగురికీ కింది వాటా ఆమే చెప్పింది. ఆమెకు టీచరమ్మతో అడ్వాన్సు గొడవ ఉంది. అది ఐదు సాక్ష్యాల స్థానంలో ఒక్క సాక్ష్యంగా మిగిలింది, దాని గ్రేడు కూడా దిగింది.

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ ప్రాంతంలో 1975 నుంచి 1980 వరకు పదమూడు మంది స్త్రీలను చంపిన పీటర్ సట్‌క్లిఫ్ కేసు ఈ గ్రేడింగ్ ఎంత అవసరమో చెబుతుంది. 1979లో హంతకుణ్ణి నేనేనంటూ ఒక క్యాసెట్ పోలీసులకు వచ్చింది. ఆ గొంతులోని ఈశాన్య ఇంగ్లండ్ యాసను పట్టుకుని పోలీసులు ఆ యాస లేనివాళ్లను పక్కన పెట్టేశారు. అసలు హంతకుణ్ణి అప్పటికే పలుమార్లు ప్రశ్నించారు, మొత్తం తొమ్మిది సార్లు ప్రశ్నించినట్టు లెక్క తేలింది, కానీ ఆ సమాచారం వేర్వేరు కార్డుల్లో ఉండిపోయి ఒక్కచోటికి చేరలేదు. చివరికి 1981 జనవరిలో కారుకు దొంగ నంబరు ప్లేటు ఉన్నందుకు అతను దొరికాడు. క్యాసెట్ ఒక మోసగాడి పని అని, ఆ మోసగాడికి 2006లో శిక్ష పడిందని తరువాతి కథ. పెద్ద కేసుల కాగితాలన్నిటినీ కంప్యూటర్లో కలిపి చూసే వ్యవస్థను బ్రిటన్ పోలీసులు తెచ్చుకున్నది ఈ దెబ్బ తరువాతే. మనకిప్పుడు పోలీస్ స్టేషన్ల కేసుల వివరాలను కలిపే సీసీటీఎన్ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది, క్షేత్రస్థాయి పోలీసుల చేతిలో పోలీసు శాఖ యాప్ ఉంది. ఒక బస్తీ ఒక కమిషనరేట్‌లో, దాని పక్క గల్లీ ఇంకో కమిషనరేట్‌లో ఉండే మన నగరంలో, పొరుగు స్టేషన్ల మిస్సింగ్ కేసులను, గుర్తు తెలియని మృతదేహాల జాబితాను చూడడం రెండో రోజుకే పూర్తి కావాలి.

ఐదో మెట్టు: కాలపట్టిక

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే గుర్తుంచుకోగలనని ఎవరైనా అంటే దీన్నే గుర్తుంచుకోమంటాను. ఒక పెద్ద కాగితం మీద లేదా ఎక్సెల్ షీటులో ఎడమవైపు సమయం, పైన వరుసగా వ్యక్తులు, ఒక్కో గడిలో ఒక్కో సంగతి, దాని పక్కన ఆధారం, గ్రేడు. హతుడి గడులు మొదట నిండాలి.

సీసీ కెమెరా ఫుటేజీ మొదటి రోజే సేకరించాలి, ఎందుకంటే దుకాణాల డీవీఆర్‌లలో, అంటే కెమెరా దృశ్యాలను దాచే పెట్టెల్లో, పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కుతూ ఉంటుంది. డీవీఆర్ ముందు కూర్చున్న వెంటనే తెర మీది గడియారాన్ని, మీ ఫోనులోని నెట్‌వర్క్ సమయాన్ని ఒకే ఫ్రేములో ఫొటో తీయండి. మన కేసులో వీధి మొదట్లోని కిరాణా దుకాణం డీవీఆర్ పదకొండు నిమిషాలు ముందుంది. తెర మీద 9:52కు కనిపించిన నల్ల బైకు నిజానికి 9:41కి వెళ్లింది. ఎదురుగా ఉన్న మెడికల్ షాపు కెమెరా నాలుగు నిమిషాలు వెనక ఉంది, అక్కడ అదే బైకు 9:38కి కనిపిస్తుంది, అంటే అసలు సమయం 9:42. సరిచేయకుండా చూస్తే ఇవి పద్నాలుగు నిమిషాల తేడాతో వెళ్లిన రెండు బైకుల్లా కనిపిస్తాయి. సరిచేస్తే ఒకే బైకు, ఒక్క నిమిషంలో ఆ వీధి మలుపు దాటింది.

ఫోన్ల సీడీఆర్‌లో, అంటే ఫోను కంపెనీ ఇచ్చే కాల్ వివరాల రికార్డులో, పిలిచిన నంబరు, అందుకున్న నంబరు, సమయం, వ్యవధి, కాల్ మొదలైన టవరు, ముగిసిన టవరు, హ్యాండ్‌సెట్‌ను గుర్తించే ఐఎంఈఐ నంబరు ఉంటాయి. వాట్సాప్ కాల్ అందులో ఉండదు. టవరు చెప్పేది ఫోను ఉన్న ప్రాంతాన్నే, ఇంటి నంబరును కాదు. ఇరుకు గల్లీల్లో, మెట్రో పిల్లర్ల పక్కన, ఎత్తైన భవనాల్లో ఫోను దగ్గరి టవరును వదిలి దూరపు టవరును పట్టుకోవడం మామూలే. పైగా ఫోను ఎక్కడుందో మనిషి అక్కడే ఉన్నాడని ఏమీ లేదు. కాబట్టి ఆ ఒక్క రాత్రి రికార్డు చూసి వదిలేయవద్దు, ముందు ముప్పై రోజులు తెప్పించుకుని అతని అలవాటు ఏమిటో చూడాలి. మేనల్లుడి ఫోను ఆ రాత్రంతా తార్నాక టవరు కిందే ఉంది, కాబట్టి ఇంట్లోనే ఉన్నాడని అనుకోవచ్చు. ముప్పై రోజుల రికార్డు పరిస్తే, రోజూ తొమ్మిది నుంచి పదిన్నర మధ్య అయిదారు కాల్స్ మాట్లాడేవాడు, ఆ సోమవారం ఒక్కటే ఎనిమిదిన్నర నుంచి పది ఇరవై దాకా ఒక్క కాలూ మాట్లాడలేదు. ఇది నేర నిరూపణ కాదు, సినిమాకు వెళ్లి ఉండవచ్చు, నిద్రపోయి ఉండవచ్చు. కానీ అడగవలసిన ప్రశ్న ఏమిటో ఇప్పుడు మనకు స్పష్టంగా తెలిసింది.

సంబంధాల చార్టు కూడా ఈ దశలోనే గీయాలి. వ్యక్తులకు గుండ్రాలు, ధ్రువపడిన సంబంధానికి నిండు గీత, వినికిడికి చుక్కల గీత. అందమైన సాఫ్ట్‌వేరులో గీసిన చార్టు గోడకెక్కగానే చుక్కల గీతలు కూడా నిండు గీతల్లా కనిపించడం మొదలవుతుంది. వారానికోసారి ప్రతి గీతనూ ‘దీనికి ఆధారం ఏ కాగితం?’ అని అడిగి, కాగితం లేనివాటిని చెరిపేయడమే దీనికి మందు.

ఆరో మెట్టు: అనుమానాలను ఒకదానిపై ఒకటి పోటీకి పెట్టడం

అమెరికా గూఢచార సంస్థలో పనిచేసిన రిచర్డ్స్ హ్యూయర్ రూపొందించిన పద్ధతి ఇది. సాధ్యమైన అనుమానాలన్నిటినీ పైన అడ్డంగా, ఆధారాలన్నిటినీ పక్కన నిలువుగా రాసి, ప్రతి గడిలో ఆ ఆధారం ఆ అనుమానంతో కుదురుతుందా, కుదరదా అని గుర్తు పెట్టాలి. తరువాత ఎక్కువ ‘కుదురుతుంది’లు వచ్చినదాన్ని చూడకూడదు. తక్కువ ‘కుదరదు’లు వచ్చినదాన్ని చూడాలి.

మన పట్టికలో నాలుగు అనుమానాలు: అపరిచిత దొంగ, రంగుల పనివాళ్లు, కింది వాటావాళ్లు, మేనల్లుడు. గొలుసు పోవడం నలుగురితోనూ కుదురుతుంది, కాబట్టి అది ఎంత కొట్టొచ్చినట్టు కనిపించినా విశ్లేషణలో దాని విలువ సున్నా. పగలగొట్టని తలుపు అపరిచితుడితో కుదరదు. స్టీలు గ్లాసులో చక్కెర టీ పనివాళ్లతో కష్టంగా కుదురుతుంది, రాత్రి తొమ్మిదికి అసలే కష్టం. చింపిన చిట్టీ కాగితం చిట్టీలో లేని కింది వాటావాళ్లతో కుదరదు. కానీ ఆగండి, చిట్టీలో ఉన్న మిగతా పంతొమ్మిది మంది సంగతేమిటి? పట్టిక వేస్తే గాని ఐదో నిలువు వరుస ఒకటి వదిలేశామని తెలియలేదు. ఈ పద్ధతి వల్ల నాకు తెలిసిన అసలు లాభం ఇదే.

2020 మే నెలలో వరంగల్ దగ్గర గొర్రెకుంటలో ఒక బావిలో తొమ్మిది మంది మృతదేహాలు బయటపడినప్పుడు, లాక్‌డౌన్ కష్టాల్లో ఉన్న వలస కుటుంబం కాబట్టి సామూహిక ఆత్మహత్య కావచ్చన్న మాటే మొదట వినిపించింది. కుటుంబానికి చెందనివాళ్లు కూడా ఆ బావిలో ఉండడం ఆ అనుమానంతో కుదరలేదు. దర్యాప్తు చివరికి అంతకు రెండు నెలల ముందు కనిపించకుండా పోయిన ఒక స్త్రీ హత్య దగ్గరికి, దాన్ని కప్పిపుచ్చడానికే ఈ తొమ్మిది హత్యలు జరిగాయన్న నిర్ధారణకూ చేరింది. అదే ఏడాది అక్టోబరులో కింది కోర్టు నిందితుడికి మరణశిక్ష విధించింది. ఆత్మహత్య అనుకుంటే కనిపించకుండా పోయిన మనిషి గురించి ఎవరూ అడిగేవారు కారు.

ఏడో మెట్టు: ఇప్పుడు ప్రొఫైలు

ఇన్ని మెట్లు ఎక్కిన తరువాత కూడా పేరు దొరకని కేసులు, ఒకే తీరులో వరుసగా జరిగిన హత్యలు, హతులకూ హంతకుడికీ పరిచయం లేదనిపించే కేసులు, ఇవే ప్రొఫైలింగ్‌కు తగినవి. దీని చరిత్ర గురించి కొంచెం తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే గొప్పలు ఎక్కువగా ప్రచారమయ్యాయి. న్యూయార్క్‌లో ఏళ్ల తరబడి బాంబులు పెట్టినవాడి గురించి 1956లో మానసిక వైద్యుడు డాక్టర్ జేమ్స్ బ్రస్సెల్ ఇచ్చిన వర్ణన ప్రసిద్ధం. కానీ అతని పేరు బయటపడింది ఒక విద్యుత్ కంపెనీ గుమాస్తా పాత ఫిర్యాదుల ఫైళ్లు తిరగేయడం వల్ల. ఎఫ్‌బీఐ 1972లో క్వాంటికోలో ప్రవర్తనా శాస్త్ర విభాగం పెట్టి, ఖైదులో ఉన్న 36 మందిని ఇంటర్వ్యూ చేసి, నేరస్థులను పద్ధతి ప్రకారం చేసేవారు, పద్ధతి లేనివారు అని రెండుగా విడదీసింది. వంద వరుస హత్యలను పరిశీలించి బ్రిటన్ మనస్తత్వవేత్త డేవిడ్ క్యాంటర్ బృందం 2004లో ఆ విభజనకు ఆధారం లేదని చూపింది. ముప్పై ఆరుగురు అమెరికన్ ఖైదీల నుంచి తీసిన ముద్రను బోరబండ మీదా, బాలానగర్ మీదా వేయడంలో అర్థం లేదని నా అభిప్రాయం.

ప్రొఫైలును సరిగా వాడిన ఉదాహరణ కూడా క్యాంటర్‌దే. 1980ల్లో లండన్ రైల్వే లైన్ల వెంట జరిగిన అత్యాచారాలు, హత్యల కేసులో దాదాపు రెండు వేల మంది అనుమానితుల జాబితా పోలీసుల దగ్గర ఉంది. నేరాలు జరిగిన చోట్లను మ్యాపు మీద పెట్టి, నిందితుడు ఏ ప్రాంతంలో ఉండి ఉంటాడో, అతని జీవితం ఎలా ఉండి ఉంటుందో 1986లో క్యాంటర్ చెప్పింది ఆ జాబితాలో ఎవరిని ముందు చూడాలో నిర్ణయించడానికి పనికొచ్చింది. ప్రొఫైలు చేయగలిగింది అంతే, వరుస మార్చడం.

తప్పుగా వాడితే ఏమవుతుందో 1992 నాటి వింబుల్డన్ కామన్ హత్య చెబుతుంది. ప్రొఫైలుకు సరిపోయాడన్న కారణంతో ఒక వ్యక్తి వెంటపడి, మారువేషంలో ఒక మహిళా పోలీసు చేత స్నేహం చేయించి నేరం ఒప్పించడానికి నెలల తరబడి ప్రయత్నించారు. 1994లో జడ్జి ఆ సాక్ష్యాన్ని కొట్టేశాడు. అసలు నేరస్థుడు రాబర్ట్ న్యాపర్ 1993లోనే మరో తల్లినీ బిడ్డనూ చంపాడు. వింబుల్డన్ హత్యను అతను ఒప్పుకున్నది 2008లో.

మ్యాపు మీద చేసే ప్రొఫైలింగ్‌కు కెనడా పోలీసు అధికారి కిమ్ రోస్మో గణిత రూపం ఇచ్చాడు. నేరస్థుడు ఇంటికి మరీ దగ్గర్లో నేరం చేయడు, మరీ దూరమూ వెళ్లడు అన్నది దాని మూలసూత్రం. ఒకే వ్యక్తి చేసిన నాలుగైదు చోట్లయినా తెలియకుండా ఈ లెక్క వేయకూడదు. పైగా మన నగరంలో దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే సరిపోదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పటాన్‌చెరునూ ఘట్‌కేసర్‌నూ ఇరుగుపొరుగు చేసింది. అడ్డా కూలీకి రోజుకో చోట పని, బైక్ ట్యాక్సీ నడిపేవాడికి ఊరంతా తెలిసిన ఊరే. కాబట్టి ఇంటి చుట్టూ గీసే వలయంతో పాటు అడ్డా, కల్లు దుకాణం, పని చేసే గోదాం, బస్సు మారే చోటు చుట్టూ కూడా వలయాలు గీయాలి.

ప్రొఫైలు రాసేటప్పుడు ప్రతి వాక్యానికీ కింద ఆధారం, నమ్మకపు స్థాయి, తప్పని తేల్చే మార్గం రాయాలి. చిలకలగూడ కేసులో అది ఇలా ఉంటుంది: ‘హతురాలికి చనువున్న వ్యక్తి, గట్టి నమ్మకం, ఆధారం స్టీలు గ్లాసులు, పగలని తలుపు. చంపాలన్న ఉద్దేశంతో రాలేదు, ఒక మోస్తరు నమ్మకం, ఆయుధం తెచ్చిన గుర్తు లేదు. దొంగతనంలా కనిపించేలా సీన్ మార్చాడు, గట్టి నమ్మకం, ఆధారం లాకరు.’ కులం, మతం, ప్రాంతం, భాష గురించి ఒక్క మాట కూడా ఆధారం లేకుండా ఇందులోకి రాకూడదు. ‘బీహారీ గ్యాంగు పనిలా ఉంది’ అన్న మాటకు ప్రొఫైలు అన్న పేరు పెట్టినంత మాత్రాన అది విశ్లేషణ కాదు.

ఎనిమిదో మెట్టు: ప్రశ్నించడం

అనుమానితుడి దగ్గరికి వెళ్లేటప్పటికి అతను చెప్పబోయే మాటల్లో ఏవి సరిచూడగలమో మన దగ్గర జాబితా ఉండాలి. సోమవారం రాత్రి ఎక్కడున్నారని మామూలుగా అడిగి, పూర్తిగా చెప్పనిచ్చి, తరువాతే ఒక్కో ఆధారం బయటపెట్టాలి. బైకు 9:41 ఫుటేజీని మొదటే చూపిస్తే అతని కథ దానికి సరిపోయేలా మారుతుంది. గ్లాసులో చక్కెర సంగతి విలేకరులకు చెప్పకూడదు, నిజంగా అక్కడున్నవాడికి మాత్రమే తెలిసిన వివరం అది.

పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం చెల్లదు. అతను చూపించిన చోట వస్తువు దొరికితే, ఆ దొరకడానికి నేరుగా సంబంధించిన మాట వరకే భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షను కింద పనికొస్తుంది. ఎంతవరకు అన్నది 1946లో ప్రీవీ కౌన్సిల్ మరో తెలుగు కేసులో, పులుకూరి కోటయ్య కేసులో తేల్చింది. గొలుసు ఫలానా చోట దాచానన్నది చెల్లుతుంది, చంపి తీసుకున్నానన్న భాగం చెల్లదు. ఇక నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించే), పాలిగ్రాఫ్ (అబద్ధం పట్టే యంత్రం) పరీక్షలను ఇష్టం లేనివారి మీద జరపరాదని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో చెప్పింది.

తొమ్మిదో మెట్టు: ఫైలు

ప్రొఫైలు సాక్ష్యం కాదు, దాన్ని ఛార్జిషీటులో పెట్టకూడదు. నిందితుడి పాత చెడ్డపేరు కూడా సాధారణంగా సాక్ష్యం కాదని అదే సాక్ష్య అధినియమంలోని 49వ సెక్షను చెబుతోంది. పట్టిక, చార్టు, గ్రేడులు కేసు డైరీతో పాటు ఉండాలి, కొట్టేసిన అనుమానాలు ఎందుకు కొట్టేశారన్న కారణంతో సహా. పరోక్ష సాక్ష్యాలతో నిలబడే కేసును కోర్టు 1984 నాటి శరద్ బిర్దీచంద్ శారదా తీర్పులోని అయిదు సూత్రాలతోనే కొలుస్తుంది. నిందితుడి నేరం తప్ప మరే ఊహకూ తావులేని గొలుసు కావాలి. ఆరో మెట్టులో వేసిన పట్టికను ఛార్జిషీటు రాసే ముందు రోజు మళ్లీ తీసి, మిగిలిన ప్రతి అనుమానానికీ ఎదురుగా దాన్ని కాదనే కాగితం ఏదో పేజీ నంబరుతో రాయండి. పేజీ నంబరు రాయలేకపోతే కేసు ఇంకా సిద్ధంగా లేదు.

డిజిటల్ సాక్ష్యానికి సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ కావాలి. ఇప్పుడది రెండు భాగాలు, మొదటిది సమర్పించేవారిది, రెండోది నిపుణుడిది, రెండింట్లోనూ హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే గుర్తింపు సంఖ్య, రాయాలి. డీవీఆర్ నుంచి ఫుటేజీ కాపీ చేసిన క్షణంలోనే హ్యాష్ తీసి పంచనామాలో ఎక్కించండి. దానితో పాటు, తెర మీది గడియారాన్నీ ఫోను సమయాన్నీ కలిపి తీసిన ఆ ఫొటో, పదకొండు నిమిషాల తేడా రాసిన కాగితం, దాన్ని రాసిన కానిస్టేబులు పేరు సాక్షుల జాబితాలో ఉండాలి. తెర మీద 9:52 అని కనిపిస్తుంటే మీరు 9:41 అంటున్నారేమిటని డిఫెన్సు లాయరు తప్పకుండా అడుగుతాడు, సమాధానం చెప్పవలసింది ఆ కానిస్టేబులే.